తుంటి కీలు మార్పిడి అయిన పన్నెండో రోజు: ఆటలూ నడకా అలవాటున్నవాళ్ళ కోసం నా అనుభవం

మహేంద్రతనయ (పర్లాకిమిడి), జనవరి 17

అందరికీ నమస్కారం. నాకు 48 ఏళ్ళు. ఒడిశాలోని పర్లాకిమిడిలో హైస్కూల్లో డ్రిల్ టీచర్ని. పొద్దున్న అయిదింటికి నడక, సాయంత్రం పిల్లలతో ఖోఖో, ఆదివారం సైకిలు. శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కడం పెళ్ళికి ముందునుంచీ ఉన్న అలవాటు. 1501 మీటర్ల కొండ. పైన కుంతి, భీమ, యుధిష్ఠిర ఆలయాలు చూసి దిగి, మర్నాడు మామూలుగా బడికి వెళ్ళిపోయేదాన్ని. జనవరి 5న విశాఖలో నాకు కుడి తుంటి కీలు పూర్తిగా మార్చారు. ఒకేసారి ఇరవై నిమిషాలకి మించి కూర్చోకూడదన్నారు కాబట్టి కొంచెం కొంచెంగా రాస్తాను.

ముందు ఒక విషయం చెప్పాలి, ఇది రాయడానికి అసలు కారణం కూడా అదే. నా నొప్పి మొదలైంది తుంటిలో కాదు, మోకాల్లో. నాలుగేళ్ళ కిందట కొండ దిగుతుంటే కుడి మోకాలు లోపలివైపు పీకడం మొదలైంది. ఒక డాక్టరు దగ్గరికి వెళ్తే మోకాలికి ఎక్స్‌రే తీసి, కొద్దిగా అరిగిందని చెప్పి మాత్రలిచ్చారు. తర్వాత మోకాల్లో ఇంజెక్షను, బిగుతుగా ఉండే క్యాపు, ఇంకొన్నాళ్ళకి ఇంకో ఇంజెక్షను. రెండేళ్ళు గడిచిపోయాయి. ఈలోగా కాలి గోళ్ళు తీసుకోవడం కష్టమైంది. ఆటో ఎక్కాలంటే కుడి కాలిని చేత్తో ఎత్తి లోపల పెట్టుకోవాల్సి వచ్చేది. గజ్జలో ఎవరో మెలిపెట్టి లాగినట్టుండేది. వీటన్నిటినీ వయసు మీద తోసేశాను.

ఆఖరికి శ్రీకాకుళంలో ఒక కుర్ర డాక్టరు మోకాలిని పట్టించుకోలేదు. నన్ను బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, కాలు మడిచి, పాదాన్ని నెమ్మదిగా బయటికి తిప్పాడు. అలా తిప్పితే తొడ లోపలికి తిరుగుతుంది. నాకు అరుపు ఆగలేదు. "అమ్మా, మీ మోకాలు బాగానే ఉంది" అన్నాడు. కటి ఎక్స్‌రేలో ఆయన వేలు పెట్టి చూపించింది నాకు ఇంకా కళ్ళముందే ఉంది. ఎడమవైపు తుంటి గిన్నె, తొడ ఎముక పైకొసన ఉండే బంతిని చక్కగా కప్పి ఉంది. కుడివైపు గిన్నె లోతు తక్కువ, బంతి సగం బయటికి జరిగి ఉంది, మధ్యలో ఉండాల్సిన సందు అసలు లేదు. పుట్టుకతోనే గిన్నె అలా ఉంటే బరువంతా అంచు మీద పడి, నలభైల్లోనే కీలు అరిగిపోతుందట.

ఆపరేషనుకి ఒప్పుకోవడానికి ఇంకో ఏడాది పట్టింది. ఆ ఏడాదిలో ఫిజియో చేయించుకున్నాను, బరువు తగ్గాను, మాత్రలు వాడాను. రాత్రి పక్కకి తిరిగితే మెలకువ వచ్చేస్తున్న రోజు ఇక చాలనుకున్నాను.

మిగతాది రేపు రాస్తాను.

---

పట్టుమగ్గం (బరంపురం), జనవరి 17

అక్కా, మీరు రాసింది చదువుతుంటే మా అమ్మనే చూస్తున్నట్టుంది. అమ్మకి 61. మాది మగ్గం ఇల్లు, బరంపురం పట్టు నేస్తాం. ఇంట్లో ఇప్పటికీ గుంట మగ్గమే. గుంటలోకి కాళ్ళు దించి, తొక్కుడు కర్రలు తొక్కుతూ అమ్మ నలభై ఏళ్ళు కూర్చుంది. ఏడాదిన్నరగా గుంటలోంచి లేవాలంటే ఎవరో ఒకరు చెయ్యివ్వాలి. అడిగితే మోకాలు నొప్పి అంటుంది. మేమూ మోకాలికే బామ్ రాస్తున్నాం. ఇది తుంటి అవుతుందని మాకెవరికీ తట్టలేదు.

రెండు సంగతులు అడగాలి. ఒకటి, ముందు ఏ డాక్టరుకి చూపించాలి? రెండోది, ఆపరేషన్ అయితే అమ్మ మళ్ళీ మగ్గం మీద కూర్చోగలదా? ఆమెకి రోజూ నెయ్యకపోతే తోచదు. డబ్బు కోసం కాదు.

---

గోపాల్‌పూర్ ఫిజియో (బరంపురం), జనవరి 18

పట్టుమగ్గం తమ్ముడూ, ముందు ఎముకల డాక్టరుకి చూపించి, మోకాలి ఎక్స్‌రేతో పాటు కటి ఎక్స్‌రే కూడా తీయమని అడుగు. అడగడానికి మొహమాటపడకు. తుంటి కీలుకి వెళ్ళే నరాల్లో కొన్ని మోకాలికీ వెళ్తాయి. అందుకే తుంటి పాడైతే గజ్జలో, తొడ ముందువైపు, ఒక్కోసారి మోకాల్లో మాత్రమే నొప్పి తెలుస్తుంది. ఇంట్లోనే గమనించాల్సినవి కొన్ని ఉన్నాయి: కాలి గోళ్ళు తీసుకోలేకపోవడం, పీట మీంచి లేవలేకపోవడం, నడిచేటప్పుడు నడుము ఒకవైపుకి ఒరగడం. ఇవి కనిపిస్తే తుంటిని తప్పకుండా చూడాలి.

మగ్గం గురించి నాకు తెలిసినంతవరకు చెబుతాను. గుంట మగ్గంలో కూర్చునే చోటు నేల మట్టానికి ఉంటుంది. దిగాలన్నా లేవాలన్నా తుంటి బాగా మడవాలి. కొత్త కీలుకి, అందులోనూ మొదటి మూడు నెలలు, అది మంచిది కాదు. అదే స్టాండు మగ్గం అయితే ఎత్తు స్టూలు వేసుకుని, మోకాళ్ళు తుంటి కంటే కిందకి ఉండేలా కూర్చోవచ్చు. తొక్కడం వల్ల ఇబ్బంది ఉండదు. ఎప్పుడు మొదలుపెట్టాలన్నది మాత్రం ఆపరేషన్ చేసిన డాక్టరే చెప్పాలి.

టీచరమ్మా, మీరు రాయడం మంచి పని. ఇరవై నిమిషాల సంగతి గుర్తుంచుకోండి.

---

మహేంద్రతనయ (పర్లాకిమిడి), జనవరి 18

ఆసుపత్రి సంగతులు రాస్తాను.

డిసెంబరు మొదటివారంలో చెయ్యాల్సిన ఆపరేషన్ నెల వెనక్కి వెళ్ళింది. కారణం ఒక పుచ్చిపన్ను. పంట్లో చీము ఉంటే ఆ సూక్ష్మజీవులు రక్తంలో కలిసి కొత్త కీలులో స్థిరపడే ప్రమాదం ఉందట, ముందు పన్ను బాగుచేయించుకుని రమ్మన్నారు. షుగరు మూడు నెలల సగటు కూడా చూశారు. అప్పుడు విసుగొచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే ఆ డాక్టరు మీద గౌరవం పెరుగుతోంది.

ముందురోజు రాత్రి నర్సు వచ్చి కుడి తొడ మీద పెన్నుతో బాణం గుర్తు వేసింది. మత్తు వెన్నులో ఇచ్చారు. నడుము కింద ఏమీ తెలియదు కానీ చెవులకి అన్నీ వినిపిస్తాయి. ఇంట్లో వడ్రంగి పని జరుగుతున్నట్టు సుత్తి దెబ్బలు, మరచప్పుడు. భయపడేవాళ్ళు నిద్రమందు అడగవచ్చు, ఇస్తారు. నాకు అమర్చింది సిమెంటు లేని రకం. గిన్నె టైటానియం, దాని లోపల గట్టి ప్లాస్టిక్ పొర, బంతి సిరామిక్. తొడ ఎముకలో దిగిన కాడకి పైన గరుకు పూత ఉంటుంది, ఎముక దానిలోకి పెరిగి పట్టుకుంటుందని బొమ్మ గీసి చెప్పారు.

మర్నాడు పొద్దున్నే ఫిజియో అమ్మాయి వాకర్ పట్టుకొచ్చింది. నేను ఇంకో రెండు రోజులు పడుకోనిస్తారనుకున్నాను. మంచం అంచుకి జరిపి, కాళ్ళు దించి, కళ్ళు తిరుగుతున్నాయా అని రెండుసార్లు అడిగింది. నేల చల్లగా తగిలింది. ముందు ఎడమకాలి మీద లేచాను, తర్వాత కుడిపాదం ఆనించి కొంచెం కొంచెంగా బరువు వేశాను. కోసిన చోట మంట ఉంది, తొడంతా తడిసిన ఇసుక బస్తాలా బరువుగా ఉంది. కానీ గజ్జలో ఆ మెలి లేదు. నాలుగేళ్ళుగా ప్రతి అడుగుకీ నాతో ఉన్నది లేదు. వాకర్ పట్టుకునే ఏడ్చేశాను. ఆ అమ్మాయి "నొప్పా మేడమ్?" అని కంగారుపడింది. కాదని తలూపాను తప్ప మాట రాలేదు.

అయిదోరోజు ఇంటికి పంపారు. కారులో ముందు సీటు వెనక్కి జరిపి, కొంచెం వాల్చి, సీటు మీద ప్లాస్టిక్ కవరు వేశాం. ముందుగా సీటు వైపు వీపు పెట్టి కూర్చుని, తర్వాత రెండు కాళ్ళూ కలిపి లోపలికి తిప్పుకోవాలి. కవరు ఉంటే ఒళ్ళు సులువుగా జారుతుంది. శ్రీకాకుళంలో ఒకసారి, నరసన్నపేటలో ఒకసారి ఆపి వాకర్ మీద నాలుగడుగులు వేశాను. పాతపట్నం దాటేసరికి చీకటి పడింది.

ఇంట్లో మా ఆయన మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేశారు. నవారు మంచం మేడ మీదకి పంపేశాం, అందులో కూర్చుంటే తుంటి కిందకి కుంగిపోతుంది. మాది గొంతుక్కూర్చునే మామూలు దొడ్డి, అందుకని కమోడ్ కుర్చీ కొన్నాం. రాత్రి మోకాళ్ళ మధ్య దిండు. కాలు మీద కాలు వెయ్యకూడదు, తుంటిని తొంభై డిగ్రీలకి మించి మడవకూడదు, నిలబడి ఆ కాలి మీద గిరుక్కున తిరగకూడదు. నాకు వెనకవైపు నుంచి కోశారు కాబట్టి ఈ జాగ్రత్తలన్నారు. ముందువైపు నుంచి కోసినవాళ్ళకి వేరేగా ఉంటాయట, మీ డాక్టరు చెప్పిందే పాటించండి.

---

నాగావళి గట్టు (రాయగడ), జనవరి 19

మేడమ్, నాకు 27. రాయగడలో ఫుట్‌బాల్ ఆడేవాణ్ణి. నాకు రక్తకణాలు కొడవలిలా వంగిపోయే సికిల్ సెల్ జబ్బు ఉంది, చిన్నప్పటి నుంచీ మందులు వాడుతున్నాను. మూడు నెలలుగా ఎడమ గజ్జలో నొప్పి. ఎక్స్‌రే తీస్తే బాగానే ఉందన్నారు. సికిల్ నొప్పులు నాకు అలవాటే కాబట్టి ఇదీ అదేనేమో అనుకున్నాను. కానీ ఆ నొప్పులు వచ్చి నాలుగు రోజుల్లో పోతాయి. ఇది పోవడం లేదు. మీరు రాసింది చదివాక భయం పట్టుకుంది. ఈ వయసులో కీలు మార్చేస్తారా?

---

ప్రాణహిత (సిరొంచ, గడ్చిరోలి జిల్లా), జనవరి 19

మాది మహారాష్ట్ర కొస. గోదావరి దాటితే కాళేశ్వరం. మా బాపు సంగతి చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది.

బాపుకి 70. రెండెకరాలు పత్తి తనే చూసుకునేవాడు. పోయినేడు బాయి కాడ తడిలో జారి పడ్డాడు. లేవలేకపోయాడు, కాలు పొట్టిగా అయి పాదం బయటికి తిరిగిపోయింది. మా వాళ్ళంతా కట్టు కట్టించాలన్నారు. ఎముకలు కట్టేటాయన దగ్గరికి తీసుకపోయి పసరు కట్టు వేయించినం. పది రోజులు మంచంలోనే. వీపు మీద పుండు పడ్డది, దగ్గు మొదలైంది. అప్పుడు వరంగల్ తీసుకపోయినం. తొడ ఎముక మెడ విరిగిందని, సగం కీలు మారిస్తే సరిపోతుందని చెప్పిన్రు. మార్చిన్రు. కానీ పుండు, ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షను మానడానికే ఇరవై రోజులు ఆసుపత్రిలో ఉండాల్సొచ్చింది. ఆపరేషన్ కంటే అదే కష్టమైంది.

కట్టు కట్టినాయనను నేను తిట్టను, చేయి విరిగితే ఆయన దగ్గరికే పోతం. తుంటి విరిగితే మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దు. పెద్దవాళ్ళు పడి లేవలేకపోతే, కాలు పొట్టిగా కనబడితే, అదే రోజు పెద్దాసుపత్రికి తీసుకపోండి. బాపు ఇప్పుడు కర్రతో చేను గట్టు దాకా పోతుండు.

---

గుణుపురం బండి (గుణుపురం), జనవరి 20

రిటైరైన లెక్కల మాస్టార్ని. ఎడమ తుంటి మార్పించుకుని ఎనిమిదేళ్ళు దాటింది. ఇప్పుడు 72. రోజూ స్టేషను దాకా నడిచి, బండి వచ్చాక వెనక్కి వస్తాను.

అమ్మాయ్, ఈ వైద్యం చరిత్ర కొంచెం చెబుతాను. ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ అనే ఆయన మొదట టెఫ్లాన్ గిన్నెలు వాడాడు. కొన్నేళ్ళకే అవి అరిగి పిండైపోయాయి, తను చేసిన రోగులకే మళ్ళీ చెయ్యాల్సి వచ్చింది. కొత్త పదార్థం ఒంటికి పడుతుందో లేదో చూడటానికి ముక్కల్ని తన తొడలోనే పెట్టించుకున్నాడు. 1962 నవంబరులో గట్టి పాలిథీన్ గిన్నెతో చేసిన ఆపరేషన్లు నిలబడ్డాయి. ఇవాళ నీ ఒంట్లో ఉన్నది ఆ దారిలో వచ్చిందే. మన బరంపురం వైద్య కళాశాల పుట్టిందీ ఆ సంవత్సరమే, దానికి ఉన్నది మీ పర్లాకిమిడి మహారాజు పేరే. ఈ రెండూ ఒకే ఏడు జరగడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగా ఉంటుంది.

ఇక సలహా. కాలు నీరు పడితే వేడి నువ్వుల నూనెతో పాదం నుంచి తొడదాకా మర్దనా చేయించుకో. నాకు మా ఆవిడ చేసేది. వంకాయ, గుడ్డు, పెరుగు నెల్లాళ్ళు మానెయ్. డిశ్చార్జి ఫైల్లో ఇంప్లాంటు స్టిక్కర్లు అంటిస్తారు, అవి జాగ్రత్త చేసుకో. ఎన్నేళ్ళకైనా మళ్ళీ చెయ్యాల్సి వస్తే ఏ కంపెనీ, ఏ సైజు అన్నది వాటిలోనే ఉంటుంది.

---

గోపాల్‌పూర్ ఫిజియో (బరంపురం), జనవరి 20

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే రెండు విషయాల్లో కాదంటున్నాను. స్టిక్కర్ల మాట మాత్రం బంగారం లాంటి మాట.

ఆపరేషన్ అయిన మొదటి వారాల్లో కాలికి, ముఖ్యంగా పిక్కకి మర్దనా వద్దు. ఆ రోజుల్లో కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ. అలాంటి గడ్డ ఉండి, దాన్ని రుద్దితే కదిలి ఊపిరితిత్తులకి పోవచ్చు. అందుకే రక్తం పలచబడే మందు ఇస్తారు. కొందరికి అయిదు వారాల దాకా ఇస్తారు. చెప్పకుండా మధ్యలో మానకండి. మర్దనాకి బదులు గంటకోసారి చీలమండల్ని పైకీ కిందకీ ఆడించండి, పడుకున్నప్పుడు పాదం ఎత్తులో పెట్టండి, తరచుగా లేచి కొంచెం నడవండి. గాయం మీద నూనె అసలు వద్దు.

తిండి విషయం. గాయం మానాలంటే మాంసకృత్తులు కావాలి. గుడ్డు, పప్పు, చేప, పెరుగు అన్నీ తినొచ్చు. ఇంట్లో పెద్దవాళ్ళు చీము పడుతుందని ఆపుతారు, దానివల్ల మనిషి నీరసించిపోవడం నేను చాలా ఇళ్ళల్లో చూశాను. నొప్పి మాత్రలతో మలబద్ధకం వస్తుంది కాబట్టి నీళ్ళు, ఆకుకూరలు, పళ్ళు ఎక్కువ తీసుకోవాలి.

నాగావళి బాబూ, సికిల్ ఉన్నవాళ్ళకి తొడ ఎముక బంతికి వెళ్ళే సన్నటి రక్తనాళాలు మూసుకుపోయి బంతి లోపల ఎముక చచ్చిపోవచ్చు. మొదటి దశలో ఎక్స్‌రేకి దొరకదు, ఎం.ఆర్.ఐ.లో కనిపిస్తుంది. అందుకే వాయిదా వెయ్యకు. బంతి గుండ్రంగానే ఉంటే, దానికి రంధ్రం చేసి లోపలి ఒత్తిడి తగ్గించే చిన్న ఆపరేషన్ లాంటి దారులున్నాయి. బంతి కుంగిపోయాకే మార్పిడి మాట వస్తుంది. ఏ ఆపరేషనైనా నీ సికిల్ డాక్టరూ, ఎముకల డాక్టరూ ఇద్దరూ మాట్లాడుకుని చెయ్యాలి. నీళ్ళు తగ్గకుండా, చలి తగలకుండా, ఆక్సిజన్ పడిపోకుండా చూడటం నీ విషయంలో చాలా ముఖ్యం. అప్పటిదాకా ఫుట్‌బాల్ ఆపెయ్ నాన్నా.

---

మహేంద్రతనయ (పర్లాకిమిడి), జనవరి 28

వారం నుంచి రాయలేదు. తప్పు జరిగింది. ఇలాంటి ఒళ్ళున్నవాళ్ళంతా చెయ్యగల తప్పే కాబట్టి దాచకుండా రాస్తున్నాను.

19న గాయానికి వేసిన పిన్నులు తీశారు. ఒక్కోటీ స్టీలు ట్రేలో టింగుమని పడుతుంటే లెక్కపెట్టాను, ఇరవై ఆరు. గాయం ఎండిపోయింది. నొప్పి మాత్రలు రోజుకి ఒకటికి దిగాయి. వాకర్‌తో మా వీధి చివరిదాకా నడిచాను. బాగయిపోయాననుకున్నాను.

26న బళ్ళో జెండా పండగ. పందొమ్మిదేళ్ళుగా మార్చ్‌పాస్ట్ నేనే నడిపించాను. కుర్చీలో కూర్చుని చూసి వచ్చేస్తానని ఇంట్లో చెప్పి వెళ్ళాను. పిల్లలు వరసల్లో నిలబడగానే కూర్చోలేకపోయాను. వాకర్ గోడకి ఆనించి వాళ్ళ పక్కన నిలబడ్డాను. గంటకి పైనే నిలబడి ఉంటాను. డ్రమ్ మొదలయ్యే ముందు, ముందు వరసలో ఆరో తరగతి గుంట బూటు లేసు ఊడి కింద వేలాడుతోంది. దాని మీద తనే కాలు వేసి పడుతుందని చటుక్కున వంగాను. ముడి వేశాను కూడా. లేచేటప్పుడు తుంటి వెనక ఏదో లాగింది.

సాయంత్రానికి కాలు తొడ నుంచి చీలమండ దాకా వాచింది. పిక్క గట్టిగా, వేడిగా ఉంది. ఫిజియోగారు గడ్డ గురించి రాసిన మాటలే గుర్తుకొస్తున్నాయి. మా ఆయన ఒక్క మాట అనలేదు, కారు తీశారు. శ్రీకాకుళంలో రాత్రి పదకొండింటికి సిరల్లో గడ్డ ఉందేమో చూసే డాప్లర్ స్కాన్, ఎక్స్‌రే చేశారు. గడ్డ లేదు. బంతి గిన్నెలోనే ఉంది. ఆ రిపోర్టు వచ్చేదాకా బెంచీ మీద గడిపిన నలభై నిమిషాలు నా జీవితంలో మళ్ళీ రాకూడదు.

మర్నాడు విశాఖ డాక్టరుతో ఫోన్లో మాట్లాడాను. ఆయన కోప్పడలేదు. "నొప్పి లేకపోవడం అంటే మానిపోవడం కాదమ్మా. ఎముక ఆ లోహంలోకి పెరగడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. కోసి కుట్టిన కండరాలు ఇంకా అతుక్కుంటున్నాయి. మీ ఒంట్లో బలం ఉంది, ఆ బలమే మీకిప్పుడు ప్రమాదం" అన్నారు.

ఆ మాట మీద రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. మాలాంటివాళ్ళకి నొప్పి ఓర్చుకోవడం తెలుసు. కాలు సాగనిస్తే సాగుతూ పోవడం తెలుసు. సత్తువ ఉండీ ఆగడం మాత్రం ఎవరూ నేర్పలేదు, నేనూ పిల్లలకి నేర్పలేదు. ఇప్పుడు గోడ మీద కాగితం అంటించాను. పొద్దున్న పది నిమిషాలు, మధ్యాహ్నం పది, సాయంత్రం పది. పదకొండో నిమిషం నడవగలిగినా నడవను.

---

గుణుపురం బండి (గుణుపురం), జనవరి 28

అమ్మాయ్, చదువుతుంటే గుండె ఆగినంత పనైంది. నాకు మర్దనాతో ఏమీ కాలేదంటే అది నా అదృష్టమని ఫిజియోగారి మాట చదివాకే తెలిసింది. నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను, ఎవరూ పాటించకండి.

---

గోపాల్‌పూర్ ఫిజియో (బరంపురం), జనవరి 29

టీచరమ్మా, వెంటనే స్కాన్‌కి వెళ్ళారు చూడండి, అది సరైన పని. అందరూ గుర్తుంచుకోండి: పిక్క నొప్పీ వాపూ, హఠాత్తుగా ఆయాసమో ఛాతీ నొప్పో, జ్వరం, గాయం నుంచి రసి కారడం, కాలు పొట్టిగా అయి కదపలేకపోవడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగకండి.

మెట్ల గురించి ఇద్దరు ముగ్గురు విడిగా అడిగారు. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ అయిన కాలు ముందు. చేతికర్ర ఆపరేషన్ కాలికి ఎదుటి చేతిలో ఉండాలి. చాలామంది అదే వైపు పట్టుకుంటారు, దాంతో నడక ఒరుగుతుంది.

---

పట్టుమగ్గం (బరంపురం), ఫిబ్రవరి 6

అమ్మకి కటి ఎక్స్‌రే తీయించాం. మీరు చెప్పినట్టే తుంటి. రెండువైపులా అరిగింది, కుడివైపు బాగా ఎక్కువ. ఇన్నాళ్ళూ మోకాలికి బామ్ రాసిన చేతులు చూసుకుంటే ఏడుపొచ్చింది.

డబ్బు సంగతి కొందరికి పనికొస్తుందని రాస్తున్నాను. 2025 ఏప్రిల్ నుంచి ఒడిశాలో ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన కలిపి నడుస్తున్నాయి. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఇంట్లో ఆడవాళ్ళకి అదనంగా ఇంకో 5 లక్షలు. జాబితాలో ఉన్న ఆసుపత్రి అయితే రాష్ట్రం బయట కూడా కార్డు చెల్లుతుంది. వెళ్ళేముందే ఆసుపత్రికి ఫోన్ చేసి, ఈ ఆపరేషన్ కార్డు మీద చేస్తారా అని అడగండి. అమ్మకి మార్చి మొదటివారంలో డేటిచ్చారు. ఈలోగా నాన్న, నేను కలిసి స్టాండు మగ్గం బిగిస్తున్నాం. అమ్మ రోజూ వచ్చి స్టూలు ఎత్తు చూసి, ఇంకో రెండంగుళాలు పెంచమంటోంది.

---

నాగావళి గట్టు (రాయగడ), ఫిబ్రవరి 9

ఎం.ఆర్.ఐ.లో బంతి దెబ్బతిన్నట్టు కనిపించింది. ఇంకా కుంగలేదన్నారు. రంధ్రం చేసే ఆపరేషన్‌కి రాశారు. సికిల్ డాక్టరు ముందు రక్తం ఎక్కించాలేమో చూస్తానన్నారు. ఫిజియోగారూ, మీరు వాయిదా వెయ్యొద్దని రాయకపోతే నేను ఎండాకాలం దాకా ఆగేవాణ్ణి. ప్రస్తుతం చంక కర్రలతో నడుస్తున్నాను.

---

మహేంద్రతనయ (పర్లాకిమిడి), ఫిబ్రవరి 18

మొన్న 16న ఆరు వారాలు నిండాయి. విశాఖలో ఎక్స్‌రే తీశారు. కాడ దిగిన చోట దిగినట్టే ఉంది, గిన్నె కదల్లేదు. వాకర్ వదిలి చేతికర్ర పట్టుకోమన్నారు. ఎడమ చేతిలోనే పట్టుకుంటున్నాను.

మొదట్లో కుడి కాలు పొడుగైనట్టు అనిపించి బాధపడ్డాను, మీకెవరికీ చెప్పలేదు. డాక్టరు టేపుతో కొలిచి చూపించారు, రెండూ సమానంగానే ఉన్నాయి. ఏళ్ళ తరబడి ఒరిగి నడిచిన నడుము తిన్నబడటానికి టైము పడుతుందట. తుంటి పక్క కండరం ఇంకా బలహీనంగా ఉంది. కర్ర లేకుండా అద్దం ముందు నాలుగడుగులు వేస్తే నడుము ఒకవైపుకి జారుతోంది. దానికోసం ఎడమవైపు తిరిగి పడుకుని, మోకాళ్ళ మధ్య దిండుతో, కుడి కాలు పైకెత్తే వ్యాయామం చేస్తున్నాను. పదిసార్లు. పన్నెండు చెయ్యగలను, పదే చేస్తున్నాను.

ముందు ముందు ఏం చెయ్యొచ్చని అడిగాను. నడక, సైకిలు, ఈత నిక్షేపంగా చెయ్యొచ్చన్నారు. పరుగూ గెంతులూ వద్దన్నారు, ఆ ప్లాస్టిక్ పొర తొందరగా అరుగుతుందని. నేల మీద బాసింపట్టు, గొంతుక్కూర్చోవడం ఇక మానేయమన్నారు. ఖోఖోలో గొంతుక్కూర్చోవడం ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఈసారి నుంచి పిల్లల్లో పెద్ద గుంటని ముందు నిలబెట్టి చూపిస్తాను, పక్కన నిలబడి నేను చెబుతాను. ఇది రాస్తుంటే బాధ లేదని అనను.

శివరాత్రికి మా వీధి నుంచి పద్నాలుగు మంది కొండకి వెళ్ళారు. తెల్లవారుజామున గేటు దగ్గర నిలబడి పంపించాను. వాళ్ళు వెళ్ళిపోయాక వాకర్ పట్టుకుని మహేంద్రతనయ నది గట్టు మీద పది నిమిషాలు నడిచాను. నీళ్ళు తక్కువగా ఉన్నాయి, కొంగలు దిగి ఉన్నాయి. ఇంకా నడవాలనిపించింది. వాచీ చూసుకుని వెనక్కి తిరిగాను. పక్కింటమ్మాయి మర్నాడు భీముడి గుడి దగ్గరి విభూతి తెచ్చి నుదుట పెట్టింది. వచ్చే శివరాత్రికి డాక్టరు సరేనంటేనే ఎక్కుతాను, ఎక్కినా కర్రతో, చాలా నెమ్మదిగా.

---

ప్రాణహిత (సిరొంచ), ఫిబ్రవరి 18

అక్కా, బాపుకి చదివి వినిపించిన. కొండ దిగేటప్పుడు జాగ్రత్త అని చెప్పమన్నడు, ఎక్కేటప్పుడు కాదంట.

---

పట్టుమగ్గం (బరంపురం), ఫిబ్రవరి 19

అక్కా, ఒకటి అడుగుతాను, ఏమనుకోవద్దు. కమోడ్ కుర్చీ మీరు ఇంకా వాడుతున్నారా? ఇక్కడ దొరికినవి అమ్మకి ఎత్తు చాలడం లేదు.

---

మహేంద్రతనయ (పర్లాకిమిడి), ఫిబ్రవరి 19

ఇంకో రెండు వారాలు నాకు కావాలి తమ్ముడూ. మార్చి 4న బరంపురం బస్సులో వేసి పంపిస్తాను, కండక్టరు మాకు తెలిసినవాడే. దాని కాళ్ళకి మూడు కన్నాలుంటాయి, అమ్మ ఎత్తుకి మధ్య కన్నం సరిపోవచ్చు, కూర్చోబెట్టి చూడండి. కాళ్ళ కింద రబ్బరు బుడిపెల్లో ఒకటి అరిగింది, కొత్తది కొని వేయించి పంపుతాను. వాకర్ కూడా ఖాళీగానే ఉంది, అదీ కావాలా?